గుమ్మివలసలో వాన పడలేదు

గుమ్మివలస మీదికి ఆషాఢంలో మబ్బెక్కిందంటే ఆశ్వయుజం దాకా దిగదు. కొండకి ఆనుకుని ఉన్న ఊరు. పక్కనే జోలగెడ్డ అనే వాగు. ఆ ఊళ్లో బట్టలు పొయ్యి మీద దండెం కట్టి ఆరేసుకుంటారు. అందుకే పెళ్లికి కట్టిన చీరైనా, పంచాయితీకి వేసుకున్న చొక్కా అయినా కాస్త పొగ వాసన వేస్తూనే ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు.

ఆ ఊరి ఇళ్లకీ పశువుల సాలలకీ సున్నం కొట్టేవాడు తవిటయ్య. తలుపులకీ గుమ్మాలకీ రంగు వేసేవాడూ అతనే. నలభై ఏళ్లుగా కార్తీకంలో కుంచె పట్టి ఫాల్గుణంలో కడిగి చూరులో దోపేస్తాడు. వానాకాలమంతా వెదురు బుట్టలు అల్లుకుంటాడు. "తడిగోడకి రంగేసినోడూ, ఏడుస్తున్నదానికి కాటుకెట్టినోడూ ఒకటే" అన్నది అతను సొంతంగా కట్టుకున్న సామెత.

ఆ ఏడు ఆషాఢం రెండో వారంలో పెదజోల మండలానికి కొత్త ప్రత్యేకాధికారి వచ్చాడు. పేరు వామనమూర్తి. వస్తూనే గుమ్మివలస బడి వరండాలో ఊరందర్నీ సమావేశపరిచి ఒక ఉత్తర్వు చదివాడు.

"వర్ణశోభ పథకం కింద మండలంలోని సమస్త నివాస గృహములూ, పశువుల సాలలూ, గడ్డివాములకు సంబంధించిన పాకలూ, కోళ్ల గూళ్లూ ఏకరీతిగా కనకాంబర వర్ణమును ధరించవలెను. శ్రావణమాసాంతమున పరిశీలక బృందం విచ్చేయును. రంగు ధరించని కట్టడం గృహముల జాబితా నుండి తొలగింపబడును."

వరండా అంచునుంచి వాన తెరలా కారుతోంది. సగం మాటలు ఆ చప్పుడులోనే పోయాయి. జాబితా అన్న మాట మాత్రం అందరికీ వినబడింది. జాబితాలో లేని ఇంటికి కరెంటుండదు, బియ్యముండవు.

తవిటయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, రంగెయ్యడానికి నాకేటి అడ్డు నేదు. కానీ ఇది రంగులేసే కాలం కాదు. తడిగోడ మీద రంగు అప్పడం నాగ పొంగి లేసిపోతాది. కార్తీకం దాకా ఆగండి."

వామనమూర్తి అతన్ని మెచ్చుకోలుగా చూశాడు. "మీరు చెప్పింది అక్షరాలా శాస్త్రీయం. నియమావళిలో ఏడో నిబంధన అదే చెబుతోంది. వరుసగా మూడు రోజులు వర్షపాతం నమోదు కానప్పుడు మాత్రమే రంగు వేయవలెను."

"మరింకేటి బాబూ. మూడ్రోజులు వానాగడమంటే ఇక్కడ దీపాల పండగ దాకా ఆగదు."

"గడువు శ్రావణాంతం. గడువు మార్చే అధికారం నాకు లేదు. ఏడో నిబంధన మార్చే అధికారం అంతకన్నా లేదు." వామనమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కనుక మిగిలింది వర్షపాతం ఒక్కటే. దాని సంగతి కార్యాలయం చూసుకుంటుంది. ఈలోగా మీరు గోడలు గీకడం మొదలుపెట్టండి. నాలుగో నిబంధన ప్రకారం పాత పూత పూర్తిగా తొలగించాలి."

ఆ రోజే తవిటయ్యని మండల వర్ణకార నిపుణుడిగా నియమించారు. మెడలో వేసుకోవడానికి ఒక గుర్తింపు కార్డు ఇచ్చారు. అది తడవకుండా ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చారు.

గీకుడు పని దాలమ్మ పశువుల సాల దగ్గర చిక్కొచ్చింది. దాలమ్మకి అరవై దాటాయి. తవిటయ్యకి వరసకి అప్ప, అంటే అక్క. రెండు గేదెలూ ఒక దూడా, అదే ఆవిడ సంసారం. సాలకి నైరుతి వైపు గోడ మట్టిది. వానగాలి సూటిగా దాని మొహానే కొడుతుంది. ఏటేటా పట్టించిన సున్నం పొర మీద పొరగా పేరుకుని ఆ గోడకి చర్మంలా అతుక్కుపోయింది.

తవిటయ్య గీకుడు రేకు తీసేసరికి దాలమ్మ గోడకి అడ్డంగా నిలబడింది.

"ఒరే తవిటీ, ఈ సున్నం ఏసినోడివి నువ్వే. ఇప్పుడు గీకీసీవాడివీ నువ్వేనేట్రా?"

"గీక్కపోతే సాల జాబితాలోంచి ఎగిరిపోతాదంట అప్పా."

"సాల జాబితాలో ఉండీసి గోడ కూలిపోతే నాకేటి లాభం?"

తవిటయ్య మెడలో కార్డు సర్దుకున్నాడు. ఆవిడ కాసేపు అతన్నీ కార్డునీ మార్చి మార్చి చూసి పక్కకి జరిగింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండుననుకుంటూ అతను గోడ గీకాడు. సున్నంతో పాటు లోపలి మెత్తు మట్టి కూడా పెళ్లలుగా ఊడి పడింది. సాయంత్రానికి గోడ ఎర్రగా, చెక్కు తీసిన చిలగడదుంపలా బయటపడింది.

అక్కడ మండల కార్యాలయంలో వర్షపాతం సంగతి చూస్తున్నారు.

కార్యాలయం ఆవరణలో కంచె మధ్య వాన కొలిచే పాత్ర ఒకటుంది. గణాంకాధికారి సీతంనాయుడు రోజూ పొద్దున్నే ఎనిమిదిన్నరకి అందులో పడిన నీళ్లు గాజు గొట్టంలో పోసి కొలిచి రిజిస్టరులో రాస్తాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కనాడు కూడా లేని చినుకు రాయలేదు, ఉన్న చినుకు మానలేదు. వామనమూర్తి అతన్ని పిలిచి సున్నా రాయమనలేదు. అలాంటి మనిషి కాదు. కిటికీలోంచి పాత్రని చాలాసేపు చూసి నొచ్చుకున్నాడు.

"నాయుడుగారూ, అది ప్రభుత్వ ఆస్తేనా?"

"అవునండి."

"ప్రభుత్వ ఆస్తిని ఇలా వానలో తడవనిస్తారా? తుప్పు పడితే బాధ్యులెవరు? వెంటనే లోపల పెట్టించండి."

"లోపలెడితే దాన్లో వాన పడదండి."

"పడకపోతే మీరేం రాస్తారు?"

సీతంనాయుడు ఆలోచించాడు. "ఏం పడలేదని రాస్తానండి."

"అది అబద్ధమా?"

కాదు. సీతంనాయుడు ఎంత వెతికినా అందులో అబద్ధం కనబడలేదు. పాత్రని వరండాలోకి మార్చారు. రెండ్రోజులు సున్నా వచ్చింది. మూడో రోజు వరండా పెంకు జారి చూరు కారడంతో రెండు మిల్లీమీటర్లు నమోదైంది. వామనమూర్తి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమన్నాడు, నిబంధన విషయంలో అంత ఖచ్చితం. పాత్రని హాల్లోకి మార్చారు, అక్కడా కారింది. చివరికి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. రోజూ ఎనిమిదిన్నరకి సీతంనాయుడు గొడుగు మడిచి, తల తుడుచుకుని, తాళం తీసి, పాత్ర వంచి చూసి, సున్నా రాసి, మళ్లీ తాళం వేసేవాడు. నాలుగో రోజు పొద్దున్న గుమ్మివలసకి కబురొచ్చింది. వాన మూడు రోజులుగా పడడం లేదు కనుక రంగు మొదలెట్టవచ్చు.

కబురు తెచ్చిన మనిషి మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు.

తవిటయ్య పని మొదలుపెట్టాడు. అతను కుంచె ఆడిస్తుంటే ఇద్దరు పైన టార్పాలిన్ పట్టుకునేవారు. గోడ ఇటు కనకాంబరం అవుతుంటే అటు వెలవెలబోయేది. వామనమూర్తి దానికీ ఉపాయం కనిపెట్టాడు. రంగు వేసిన పది నిమిషాల్లోగా ఫోటో తీసి పంపితే ఆ కట్టడం పూర్తయినట్టే. ఫోటో తీసేదాకా టార్పాలిన్ పట్టుకోవాలి, తీశాక వదిలేయాలి, అవతలింటికి పరుగెత్తాలి. ఇరవై రోజుల్లో గుమ్మివలస నూటికి నూరు శాతం కనకాంబరమైంది. కాగితం మీద ఎక్కడా ఒక్క కోడిగూడు మిగలలేదు.

ఊళ్లో మాత్రం రంగు గోడలు దిగి వీధిలోకి వచ్చింది. వీధినుంచి జోలగెడ్డలో కలిసింది. గోడకి ఒళ్లు రాసుకునే గేదెల పక్కలు కనకాంబరం రంగు తేలాయి. ఆఖరి రోజు ఇంటికొచ్చిన తవిటయ్య చేతులు కడుక్కుంటుంటే భార్య, "ఎన్ని గోడలేసినావు?" అనడిగింది. "ఏసినవి ఎనభై, ఉన్నవి ఏటీ నేదు" అన్నాడు.

రంగు పూర్తయ్యాక పాత్రని బయటపెట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. పరిశీలక బృందం వచ్చేదాకా వాన పడకుండా ఉంటేనే మంచిదని వామనమూర్తి దాన్ని బీరువాలోనే ఉంచాడు. శ్రావణం సగం దాటేసరికి రిజిస్టరులో వరుసగా ముప్ఫై ఎనిమిది సున్నాలు చేరాయి. జిల్లా కేంద్రంలో కంప్యూటరొకటి ఆ సున్నాల్ని చూసింది. అది ఎవర్నీ అడగలేదు, కిటికీలోంచి చూడలేదు. పెదజోల మండలం పేరు మీద ఎర్రరంగు వేసి, తీవ్ర కరువు ప్రాంతమని ప్రకటించింది.

ఆ ఉత్తర్వు అందిన రోజు వామనమూర్తి మధ్యాహ్నం భోజనం చేయలేదు. సీతంనాయుడు గొంతు తగ్గించి, "నిజం రాసేద్దామాండి?" అన్నాడు.

"ఏది నిజం? మీరు సంతకం పెట్టింది అబద్ధమంటారా?"

సీతంనాయుడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

వారంలో కరువు సాయం వచ్చింది. రెండు ట్యాంకర్ల మంచినీళ్లు వచ్చాయి. లారీ నిండా ఎండుగడ్డి వచ్చింది, దించేసరికి అది పచ్చిగడ్డి కన్నా తడిగా ఉంది. ఎండకి తాళలేని పశువులకి నీడ కల్పించడానికి టార్పాలిన్లు కూడా వచ్చాయి. ట్యాంకరు ఊరి మొదట్లో బురదలో దిగబడితే ఊరివాళ్లు వానలో తడుస్తూ తోశారు. ప్రతి ఇంటికీ నాలుగు బిందెలు పోస్తే గానీ వెళ్లడానికి వీల్లేదని డ్రైవరు మొత్తుకున్నాడు. ఆడవాళ్లు పాపం కదా అని, చూరునీళ్లతో నిండిన బిందెలు ఒంపేసి వాటిలో ట్యాంకరు నీళ్లు పోయించుకున్నారు.

దాలమ్మ సాల గోడ కూలింది ఆ మర్నాడే, పొద్దున్న పాలు పితికే వేళ.

నైరుతి గోడ మొదట కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చిందట. దాలమ్మ చెంబు పారేసి దూడ పలుపు విప్పి బయటికి తోసింది. పెద్ద గేదె తనే తెంపుకుని బయటపడింది. రెండో గేదెని లాగబోతుండగా గోడ పడింది. గేదెకి కొమ్ము విరిగింది. దాలమ్మకి ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. తవిటయ్య పరుగున వచ్చేసరికి ఆవిడ వానలో కూర్చుని, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో గేదె కొమ్ములోంచి కారే నెత్తురు అదిమిపట్టి ఉంది.

అతను వెదురు బద్దలతో చేతికి కట్టు కట్టాడు. కడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

"నీ తప్పేటి నేదురా" అంది దాలమ్మ.

"నేదని నువ్వంటే అయిపోద్దేటప్పా. గీకింది నాను కాదా?"

ఆసుపత్రిలో పిండికట్టు వేయించి, అట్నుంచి అటే మండల కార్యాలయానికి తీసుకెళ్లాడు. గేదెలు వానలో నిలబడి ఉన్నాయి, ఒక టార్పాలిన్ ఇప్పిస్తే చాలు. వామనమూర్తి జాలిగానే విన్నాడు. జాలి లేని మనిషి కాదు.

"అతివృష్టి బాధితుల కింద ఇవ్వాలంటే అతివృష్టి ఉండాలి కదమ్మా. మండలంలో నలభై ఆరు రోజులుగా వాన లేదు."

"ఏటి నేదు?" అంది దాలమ్మ.

"వాన."

ఆవిడ చీరకొంగు పిండింది. నీళ్లు ధారగా ఆయన బల్ల ముందు పడ్డాయి. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "వ్యక్తిగతంగా నాకు అన్నీ తెలుసమ్మా. కార్యాలయానికి మాత్రం రిజిస్టరు చెప్పిందే తెలుసు."

దాలమ్మ ఇంకేదో అనబోయింది. అప్పుడు తవిటయ్య తన జీవితంలో మొదటిసారి గవర్నమెంటు భాష మాట్లాడాడు.

"బాబూ, అప్ప పెద్దది, కంగారులో సరిగ్గా సెప్పలేదు. గోడ వానకి కూలలేదు. ఎండకి కూలింది."

పెంకుల మీద వాన హోరున కొడుతోంది.

"ఎండకి?"

"నలభై ఆరు రోజుల ఎండ బాబూ. మట్టిగోడ నెర్రెలిచ్చీసినాది. పాపం గేదెలు నీడ నేక అల్లాడిపోతన్నాయి."

వామనమూర్తి మొహం విప్పారింది. సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "చూశారా, సమస్యని సరైన పద్ధతిలో విన్నవిస్తే ప్రభుత్వం ఎప్పుడూ కాదనదు. కరువు నివారణ, ఛాయాకల్పన విభాగం." అరగంటలో టార్పాలిన్ వచ్చింది. దాలమ్మ వేలిముద్ర వేసింది. తవిటయ్య ఆ టార్పాలిన్‌ని సాలమీద కట్టి, కూలిన వైపు తడికలు నిలబెట్టి, గేదెల్ని లోపలికి తోలాడు. మర్నాటికి గుమ్మివలసలో పదకొండు గోడలు ఎండకి కూలినట్టు దరఖాస్తులు వెళ్లాయి. అన్నీ మంజూరయ్యాయి.

శ్రావణం ఆఖరి వారంలో పరిశీలక బృందం వచ్చింది. బృందానికి ఒక అధికారిణి నాయకురాలు. కళ్లజోడు మీది నీళ్లు తుడుచుకుంటూ, పడవలో గెడ్డ దాటి వచ్చింది.

"కరువు మండలంలో ఇంత నీరేమిటి?" అనడిగింది.

"ఇది మన నీరు కాదు మేడమ్" అన్నాడు వామనమూర్తి. "పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి పడుతున్నది."

ఊళ్లో ఒక్క గోడ మీద కూడా కనకాంబరం లేదు. ఫోటోల్లో ఎనభైకి ఎనభై ఉన్నాయి. ఎదురుగా ఎనభైకి ఎనభై బోడిగోడలు, అందులో పన్నెండు అసలు గోడలే కావు. అధికారిణి రిజిస్టరు తెప్పించింది. వాన పడలేదు కనుక రంగు కడుక్కుపోలేదు. కడుక్కుపోని రంగు కనబడడం లేదంటే అసలు వేయలేదన్నమాట. తవిటయ్యకి నోటీసు ఇచ్చారు. మోసం రుజువైతే కేసు పెడతామన్నారు.

విచారణ మండల కార్యాలయంలోనే జరిగింది. చూరు కారుతున్న చోటల్లా బకెట్లు పెట్టారు. ఆ చప్పుడుకి అందరూ గట్టిగా అరిచి మాట్లాడుకోవలసి వచ్చింది. తవిటయ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా అధికారిణి, ఒక పక్క వామనమూర్తి, గోడవార సీతంనాయుడు. సీతంనాయుడి చేతుల్లో రిజిస్టరు. ఇంకా మూడేళ్ల ఉద్యోగముంది అతనికి.

"నువ్వు రంగు వేశావా?"

"ఏసినానమ్మా."

"మరి ఏమైంది?"

వానకి పోయిందని ఒక్క మాట చెబితే తను బయటపడతాడు. ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అప్పుడు రిజిస్టరు అబద్ధమవుతుంది, దాని కింద సంతకం పెట్టిన సీతంనాయుడు ఇంటికి పోతాడు. సంతకం ఎక్కడా పెట్టని వామనమూర్తి ఇంకో మండలానికి పోతాడు. కరువు రద్దవుతుంది. పన్నెండు సాలల మీది టార్పాలిన్లు ఊడదీసుకుపోతారు. దాలమ్మ గేదెలు మళ్లీ వానలో నిలబడతాయి. ఆ గోడని గీకినప్పుడు నోరు మూసుకున్నవాడు ఇప్పుడు తెరిచి ఎవరికి మేలు చేస్తాడు? నిజం చెప్పాల్సిన రోజు బడి వరండాలో వచ్చింది. చెప్పాడు కూడా. అది అప్పుడే పనికి రాలేదు.

"చెప్పు" అంది అధికారిణి.

"ఎండకి ఎలిసిపోనాదమ్మా."

సీతంనాయుడు కళ్లు మూసుకున్నాడు. అధికారిణి కిటికీవైపు చూసింది. బయట కొండ కనబడనంత వాన. తర్వాత బల్ల మీది ఫైలు వైపు చూసింది. ఫైలు పొడిగా, వరుసగా, ఎక్కడా తేడా లేకుండా ఉంది. ఆవిడ చాలాసేపు ఆలోచించలేదు.

"ఇంత తీవ్రమైన ఎండలకి రంగు వెలిసిపోవడం సహజమే" అంది. "పథకం మళ్లీ అమలు చేయాలి. ఈసారి ఎండకి తట్టుకునేది ఏం వేస్తే బావుంటుందో, నిపుణుడిగా నీ అభిప్రాయం చెప్పు."

తవిటయ్య మెడలోని కార్డు ఒకసారి పట్టుకున్నాడు. "తెలుపమ్మా. తెలుపైతే ఎండని ఎనక్కి కొట్టీస్తాది. మట్టిగోడకి సున్నం కొట్టాల."

"ఉష్ణనిరోధక శ్వేతలేపనం" అని వామనమూర్తి వెంటనే రాసుకున్నాడు. "రేపే మొదలుపెట్టిద్దామండి. వాన కూడా లేదు."

"రేపొద్దు బాబూ" అన్నాడు తవిటయ్య కంగారుగా. "ఇంతెండలో సున్నం పట్టదు, పొడైపోయి రాలిపోతాది. ఎండలు తగ్గాల. కార్తీకం దాకా ఆగాల."

నిపుణుడి సలహా సబబుగా ఉందని అధికారిణి గడువు కార్తీక మాసాంతానికి పొడిగించింది. నోటీసు రద్దు చేసింది. మండల కార్యాలయానికి కరువు నిర్వహణలో ప్రశంసాపత్రం సిఫారసు చేసి, గెడ్డ పొంగకముందే బయల్దేరాలని తొందరగా పడవెక్కింది. ఆవిణ్ని సాగనంపడానికి పోతూ వామనమూర్తి తవిటయ్య భుజం తట్టాడు. సీతంనాయుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, తన గొడుగు తవిటయ్య చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

గొడుగు ఆ గాలికి రెండు ఫర్లాంగుల్లో తిరగబడింది. తవిటయ్య నిలువునా తడిసి ఊరు చేరేసరికి దాలమ్మ చేతికట్టు మెడకి వేలాడేసుకుని తన చూరు కింద కూర్చుని ఉంది. పక్కనే సాలలో గేదెలు నెమరేస్తున్నాయి.

"ఏటైనాదిరా? జైల్లో ఎయ్యనేదా?"

"నేదప్పా."

"ఏటని సెప్పినావు?"

"రంగు ఎండకి ఎలిసిపోనాదన్నాను."

దాలమ్మ అతన్ని నెత్తినుంచి కాళ్లదాకా చూసింది. జుట్టులోంచి, మీసాల్లోంచి, చొక్కా అంచుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"నమ్మీసినారేటి?"

"రాసీసుకున్నారు."

"నమ్మినారా అనడిగితే రాసుకున్నారంటావేటి?"

"ఆలకి రెండూ ఒకటేనప్పా."

దాలమ్మ లేచి లోపలికి వెళ్లి, పొయ్యి మీది దండెం నుంచి పొడి తువ్వాలు తీసుకొచ్చి అతని మీదికి విసిరింది.

"తల తుడుసుకో. ఎండదెబ్బ కొట్టీగల్దు."